ఇరవై బస్తాల తెల్లరాళ్లు

హైదరాబాద్ వెళ్లొచ్చి పది రోజులైంది. చార్మినార్ చూశావా, గోల్కొండ ఎక్కావా అని ఊళ్లో ప్రతివాళ్లూ అడుగుతున్నారు. నేను చూసింది రాళ్లు. ఎల్‌బీ నగర్ చుట్టుపక్కల మూడు పగళ్లు రాళ్లు చూసి, రాళ్లు బేరమాడి, ఆఖరికి రాళ్లు మోసి వచ్చాను. ఈ మాట చెబితే నవ్వుతున్నారు. మధ్యలో ఆపి ఆపి చెప్పడం నా వల్ల కావడం లేదు కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నాను. రాసేటప్పుడైనా నాకు కొంచెం అర్థమవుతుందేమోనని ఆశ.

బయలుదేరక ముందు

మాది గోదావరి పక్కన, కడియం దాటాక వచ్చే చిన్న ఊరు. ఎకరం నేలలో నర్సరీ ఉంది. నేనూ మా ఆయనా ఇరవై ఏళ్లుగా మొక్కలు పెంచి అమ్ముతున్నాం. మూడేళ్ల కిందట అండాలు అనే ఆవిడ కుటుంబంతో అన్నవరం వెళ్లి తిరిగొస్తూ మా దగ్గర ఆగింది. నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఎల్‌బీ నగర్ అవతల కొత్తగా ఇల్లు కట్టుకున్నారట. ముప్పై మొక్కలు కొంది. అప్పటి నుంచి మా ఇద్దరికీ ఫోను స్నేహం. మందారం మొగ్గ తొడిగితే ఫొటో పంపేది, ఆకు పసుపుబారితే ఫొటో పంపేది. మేం ముఖాముఖి మాట్లాడుకున్నది గంటసేపే. అయినా ఆమె "అక్కా" అంటే నాకు నిజంగా చెల్లెలు పిలిచినట్టే ఉండేది.

ఈ వానాకాలంలో ఫోన్లు ఆగిపోయాయి. నేను చేసినా ఎత్తలేదు. రెండు నెలల తర్వాత తనే చేసింది.

"అక్కా, చెట్లన్ని తీసేసిన. వాకిట్ల రాళ్లు పోపిస్తున్న. నువ్వొచ్చి జర మంచి రాళ్లు ఎంచియ్యాలె."

మొక్కలమ్ముకునే మనిషిని రాళ్లు ఎంచమని పిలవడమేమిటో నాకు అర్థం కాలేదు. చెట్లు ఎందుకు తీసేశావంటే, "ఒస్తవు గదా, అప్పుడు చెప్త" అంది. మా ఆయన మాత్రం వెంటనే వెళ్లమన్నాడు. ఈ మధ్య హైదరాబాద్ నుంచి ఫోన్ చేసేవాళ్లంతా మొక్కలతో పాటు రంగురాళ్లు కూడా పంపుతారా అని అడుగుతున్నారు. "ఆ రాళ్ల సంగతేంటో చూసిరా. మనం కూడా తెచ్చి పెట్టాలా వద్దా తేలిపోతుంది" అన్నాడు. ఒక్కదాన్నే అంత దూరం వెళ్లడం నాకు ఇదే మొదలు.

ఎల్‌బీ నగర్‌లో ఏ పక్క?

బస్సు తెల్లవారి ఆరున్నరకు ఎల్‌బీ నగర్‌లో దింపింది. దిగగానే తూర్పు ఏదో పడమర ఏదో తెలియలేదు. నెత్తి మీద ఒక వంతెన, దాని పక్కన ఇంకో వంతెన, అన్నిటికన్నా పైన మెట్రో. కింద సొరంగంలోకి కార్లు దూరుతున్నాయి. సిగ్నల్ దగ్గరికి రమ్మంది అండాలు. నాలుగు వైపులా సిగ్నళ్లే. విజయవాడ వెళ్లే బస్సులు ఆగే చోట నిలబడి, ఇదే సిగ్నల్ అనుకుని అరగంట చూశాను. ఆమె సాగర్ రోడ్డు మొదట్లో నిలబడి నా కోసం చూస్తోంది.

పక్కన టిఫిన్ బండి ఉంటే ఇడ్లీ తీసుకుని, దారి అడగొచ్చని ఆగాను. ప్లేటు నలభై. కొబ్బరి చట్నీ అడిగితే బండి నడిపే ఆవిడ పల్లీ చట్నీ పోసింది. మా వైపు పల్లీలు వేసినా కొబ్బరి ముక్క పడకుండా చట్నీ అనరు. ఇక్కడ కొబ్బరి ఊసే లేదు. కానీ బాగుంది, ఇంకోసారి వేయించుకున్నాను.

"ఏ ఊరమ్మా మీది? ఎటు పోవాలె?" అందావిడ.

"సాగర్ రోడ్డండి."

"గిటు దిక్కు కాదమ్మా, అవుతల దిక్కు. గా బ్రిడ్జి కింద నుంచి పోయి, మెట్రో మెట్లెక్కి అవుతలికి దిగుండ్రి."

నేను మెట్లెక్కాను. పైన ఏ మెట్లు ఎటు దిగుతాయో బోర్డులు చదువుతూ చదువుతూ, మళ్లీ అదే టిఫిన్ బండి ముందుకు దిగాను. ఆవిడ నన్ను చూసి గరిటె పక్కన పెట్టి నవ్వింది. చివరికి అండాలే రోడ్డు దాటి వచ్చింది. మూడేళ్ల కిందట చూసిన మనిషి కాదు. ముఖం సగమైంది. నన్ను గట్టిగా పట్టుకుంది గానీ కళ్లలోకి చూడలేదు.

అండాలు వాకిలి

వాళ్ల కాలనీ సాగర్ రోడ్డు మీదుగా లోపలికి, నాదర్‌గుల్ వెళ్లే వైపు ఉంది. ఆటో దిగుతుంటే తల మీదుగా చిన్న విమానం గుర్రుమంటూ పోయింది. నేను వంగిపోయాను. "పిల్లలు ఇమానం నడుపుడు నేర్చుకుంటరక్కా ఆడ. మాకు అలవాటైంది" అంది అండాలు. అక్కడ వీధుల్లో ఒక్కరు కూడా తల ఎత్తి చూడరు.

గేటు తీయగానే నేను ఆగిపోయాను. ఇంటికీ గేటుకీ మధ్య పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల పొడవు నేల. ఫొటోల్లో నేను చూసిన మందారాలు, నందివర్ధనం, గన్నేరు, ఒక్కటీ లేవు. కుండీలు లేవు, నేలలో నాటినవాటిని వేళ్లు కూడా వదలకుండా తవ్వి చదును చేసేశారు. కిటికీలన్నిటికీ దోమతెరలు, తలుపుకి ఇంకో దోమతెర తలుపు. దాని వెనక కుర్చీలో పదిహేడేళ్ల అమ్మాయి పుస్తకం పట్టుకుని కూర్చుంది. అండాలు కూతురు మౌనిక, ఇంటర్ రెండో ఏడు.

"నమస్తే పెద్దమ్మా" అంది లోపలి నుంచే. లేచి బయటికి రాలేదు. రాబోతే తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

అన్నంలోకి పచ్చిపులుసు పెట్టింది అండాలు. చింతపండు రసంలో ఉల్లిగడ్డలు, పచ్చిమిర్చి కలిపి పోపు వేస్తారు, పొయ్యి మీద మాత్రం పెట్టరు. మా ఇంట్లో పులుసంటే గంట మరగాలి. ఇది ఉడికిందా లేదా అని నేను గిన్నెలోకి చూస్తుంటే, "గది అంతే అక్కా, తిను" అంది. తిన్నాక చెప్పింది.

శ్రావణంలో మౌనికకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమనుకున్నారు. నాలుగో రోజుకి అమ్మాయి నిలబడలేకపోయింది. డెంగీ. "తొమ్మిది దినాలు దవాఖానలున్నమక్కా. ప్లేట్లెట్లు పడిపోతున్నయ్ పడిపోతున్నయ్ అంటరు. ఎంతకు పడిపోతే ఏమైతదో నాకెర్కలేదు. అడగాలంటే భయం." ఇంటికొచ్చాక బస్తీలో దోమల మందు కొట్టేవాళ్లు వచ్చి ఇల్లంతా వెతికారు. కుండీల కింద పెట్టిన ప్లేట్లు ఎత్తి చూపించారట. ప్రతి ప్లేటులోనూ నీళ్లు, నీళ్లలో కదిలే పిల్లపురుగులు.

"పక్కింటోళ్లు గోడ మీదికెళ్లి చూసి, ఇంత తోట ఎందుకు పెట్టిండ్రు అన్నరు. గదే దినం అన్ని పీకేసిన."

నేను చెయ్యి కడుక్కోవడానికి వెనకవైపు వెళ్లాను. గోడకు ఆనించి గోధుమరంగు ప్లాస్టిక్ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అవి మా ప్లేట్లే. మొదటి ఏడాది అండాలు ఫోన్ చేసి, కుండీల్లోంచి మట్టినీళ్లు కారి కొత్త మెట్లు మరకలవుతున్నాయంటే, కింద ప్లేట్లు పెట్టుకోమని చెప్పింది నేనే. లారీలో ఇంకొకరి మొక్కలతో పాటు ముప్పై ప్లేట్లు ఊరికే పంపింది కూడా నేనే. వారానికోసారి ఆ నీళ్లు పారబోసి తుడవమని చెప్పానా? ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. చెప్పలేదనే అనిపిస్తోంది.

అండాలుకు ఇది గుర్తుందో లేదో తెలియలేదు. గుర్తుంటే నన్నెందుకు పిలిచింది? పచ్చిపులుసు ఎందుకు వడ్డించింది? గుర్తు లేకపోతే నేను చెప్పాలా? కొళాయి తిప్పి అక్కడే నిలబడ్డాను. లోపలి నుంచి "అక్కా, రాళ్ల దుకాణానికి పోదమా?" అని పిలుపు. చెప్పకుండానే బయలుదేరాను.

సాగర్ రోడ్డు మీద మూడు తెలుపులు

సాగర్ రోడ్డు పక్కన రాళ్ల దుకాణాలు వరసగా ఉన్నాయి. దుకాణం అంటే గోడలుండవు, కుప్పలే. తెలుపు, నలుపు, ఎరుపు, తేనెరంగు, పిల్లలు ఆడుకునే గోళీలంత నుంచి కొబ్బరికాయంత వరకూ. మా నర్సరీలో వంద రకాల మొక్కలకు పేర్లు చెబుతాను. ఇక్కడ ఒక్క దానికీ పేరు తెలియక స్కూల్లో మొదటి రోజు పిల్లలా నిలబడ్డాను.

"గులకరాళ్లు కావాలండి" అన్నాను.

దుకాణాయన యాభై దాటిన మనిషి, ఒకప్పుడు బండలు అమ్మేవాడట. "పెబల్సా? ఏది కావాలె? స్నో వైటా, మిల్క్ వైటా, సూపర్ వైటా?"

మూడు కుప్పలూ చూపించాడు. నాకు మూడూ ఒకటే తెలుపు. అండాలు నా వైపు చూసింది, నేనేదో తేలుస్తానని. నేను గంభీరంగా ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పాను.

"ఇది ఏ ఏటిదండి?" అని అడిగాను, నునుపు చూసి.

"ఏరేడిదమ్మా! గుట్ట రాయి గది. గుజరాత్ దిక్కు మిషిన్ల ఏసి దొర్లిస్తరు. గుండ్రంగైతది."

"మరి బోర్డు మీద రివర్ స్టోన్ అని రాశారు?"

"గది పేరు" అన్నాడాయన, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

పనిచేసే ఆవిడ మగ్గుతో నీళ్లు తెచ్చి కుప్ప మీద చిలకరించింది. రాళ్లు ఒక్కసారిగా తళతళలాడాయి. అండాలు "అబ్బ" అంది. కూరగాయల మీద నీళ్లు చల్లే పద్ధతి నాకు తెలుసు కాబట్టి, ఎండిన కుప్ప చూపించమన్నాను. ఎండినవి సున్నం ముద్దల్లా పాలిపోయి ఉన్నాయి. ఆ రోజు నాకు పనికొచ్చిన తెలివి అదొక్కటే. మెరుగు పెట్టినవి వేరే ఉన్నాయి, కిలో పద్దెనిమిది. పెట్టనివి పదకొండు. మా ఊళ్లో కిలో వంకాయలు పదికి దొరికిన రోజులున్నాయి.

ఎంత కావాలో లెక్క ఇంకో తికమక. నేను అడుగుల్లో చెబితే ఆయన కిలోల్లో చెబుతాడు, అండాలు బస్తాల్లో అడుగుతుంది. రెండంగుళాల మందం పోస్తే యాభై కిలోల బస్తాలు ఇరవై కావాలన్నాడు. ఒక టన్ను బరువు! ఒక మందారం మొక్క చేత్తో పట్టుకుపోవచ్చు. దాని చోట టన్ను రాయి.

అండాలు కుప్ప దగ్గర కూర్చుని రాళ్లు దోసిట్లోకి తీసుకుని వదులుతూ, "గిండ్ల నీళ్లు నిలవయి గదా అక్కా?" అని అడిగింది. దుకాణాయన్ని కాదు, నన్ను.

"రాళ్ల సందుల్లోంచి దిగిపోతాయి" అన్నాను. అంతే తెలుసు నాకు. ఆ ఒక్క మాట కోసమే అంత దూరం రప్పించిందనిపించింది.

ఆమె భర్త నర్సింహ కూరగాయల ట్రాలీ ఆటో నడుపుతాడు. రెండు ట్రిప్పులు వేసి బస్తాలన్నీ గేటు ముందు దింపాడు. "వదినా, రేపు సైదులు మేస్త్రి వచ్చి పోస్తడు. నువ్వు జర ఊరు చూసిరా" అన్నాడు. నేను కాదనలేదు. ఆ ఇంట్లో రోజంతా అండాలు ఎదురుగా కూర్చోవడం కన్నా ఎటైనా పోవడమే నయమనిపించింది.

పండ్లు లేని పండ్ల మార్కెట్

రెండో రోజు మౌనికకు బత్తాయిలు, దానిమ్మలు తెద్దామనుకున్నాను. షేర్ ఆటో అతన్ని పండ్లు ఎక్కడ చవక అని అడిగితే, "గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కాడ దిగుండ్రి" అన్నాడు. దిగాను. పెద్ద రోడ్డు, బట్టల దుకాణాలు, మెడికల్ షాపులు. మార్కెట్ ఎక్కడా అని అడిగితే ఒక పెద్దాయన చెయ్యి చాపి ఖాళీగా కనిపించే చోటు చూపించాడు.

"గదే మార్కెట్."

"పండ్లేవండీ?"

"లెవ్వు. మార్కెట్ ఎత్తేసిండ్రు గదా, ఏండ్లయింది. ఊరవతలికి పోయింది."

"మరి పండ్ల మార్కెట్ అంటున్నారు?"

"మరేమంటరు?" అన్నాడాయన.

నిజమే, ఏమంటారు? అక్కడే ఒక తోపుడు బండి దగ్గర ఆరు దానిమ్మలు కొని మెట్రో ఎక్కాను. టికెట్ కాగితం మీద గళ్ల బొమ్మ ఉంటుంది, దాన్ని గేటుకి చూపించాలి. తలకిందులుగా పెట్టి నిలబడ్డాను. వెనక పది మంది. కాలేజీ అమ్మాయి ఒకతె నా చెయ్యి పట్టుకుని తిప్పింది. గేటు తెరుచుకుంది.

దిల్‌సుఖ్‌నగర్

అంత మంది కుర్రకారును ఒక్కచోట నేనెప్పుడూ చూడలేదు. ప్రతి గోడకూ కోచింగ్ బోర్డులు, ప్రతి సందులో హాస్టళ్లు. ఫుట్‌పాత్ మీద చెప్పులు, గాజులు, ఫోన్ కవర్లు. మిర్చి బజ్జీలు తిన్నాను. మా వైపు బజ్జీలో వాము, చింతపండు కూరితే ఇక్కడ ఊరికే పిండిలో ముంచి తీస్తున్నారు. కారానికి కళ్లలో నీళ్లొచ్చాయి. బజ్జీలు వేసే ఆవిడ చక్కెర చేతిలో పోసింది, అడగకుండానే.

ఇంటి అలంకరణ సామాన్లమ్మే దుకాణంలో మళ్లీ రాళ్లు. గాజు గిన్నెల్లో, చిన్న పొట్లాలలో, నీలం, గులాబీ, ఆకుపచ్చ. దుకాణదారు పలకరింపులోనే మా వైపు మనిషని తెలిసింది.

"రండమ్మా, చూడండి. ఇవి అసలు గోదావరి రాళ్లండి" అన్నాడు.

"మాది గోదావరి ఒడ్డేనండి. మా దగ్గర ఇసక తప్ప ఇలాంటి రాళ్లు నేను చూడలేదు."

ఆయన కంగారు పడలేదు. "మీ దగ్గర ఉండవమ్మా, పైన ఉంటాయి" అన్నాడు. ఎంత పైన అని అడిగితే మెట్రో వైపు చెయ్యి చూపాడు.

మా ఆయనకు చూపించడానికి గులాబీ రంగు పొట్లం ఒకటి కొన్నాను. చెమట చేత్తో పట్టుకునేసరికి అరచేయి గులాబీ రంగైంది. చీర కుచ్చిళ్లకూ అంటింది. మెట్రోలో నా పక్కన కూర్చున్నావిడ దెబ్బ తగిలిందేమోనని తడి రుమాలు ఇచ్చింది. రంగు రుమాలుకి కూడా పట్టింది. ఈ రాళ్లు తెచ్చి అమ్మాలా వద్దా అనే ప్రశ్నకు నాకిప్పటికీ జవాబు తెలియదు. అరచేయి చూపిస్తే మా ఆయన మాత్రం వద్దన్నాడు.

సాయంత్రం నాలుగింటికి ఇంటికి చేరాను. సైదులు మేస్త్రి పని ముగించి వెళ్లిపోయాడు. వాకిలంతా తెల్లగా, వెన్నముద్దలు పరిచినట్టుంది. నర్సింహ ఫొటోలు తీస్తున్నాడు. అండాలు ముఖంలో మొదటిసారి కాస్త వెలుగు చూశాను. మంచి పని జరిగింది, రేపు మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లిపోవచ్చు, ప్లేట్ల మాట ఎత్తనే అక్కర్లేదు అనుకున్నాను.

వాన పడ్డ ఉదయం

మూడో రోజు తెల్లవారుజామున గట్టి వాన పడింది. ఏడింటికి తెరిపి ఇచ్చాక బయటికొచ్చాను. రాళ్లు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. మెట్టు మీద కూర్చుని ఊరికే రాళ్ల మధ్య వేలు దూర్చాను. నర్సరీ వాళ్లకు ఇదొక అలవాటు, ఏ కుండీ దగ్గర కూర్చున్నా తడి ఎంతుందో వేలితో చూస్తాం.

వేలు మట్టికి తగలలేదు. నున్నగా జారింది. తీసి చూస్తే మొదటి కణుపు దాకా నీళ్లు.

నాలుగు రాళ్లు పక్కకు తీశాను. కింద నల్లని ప్లాస్టిక్ పట్టా. దాని మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇంకో మూల చూశాను, అక్కడా అంతే. కలుపు మొలవకుండా సైదులు పట్టా పరిచాడు. కలుపు కోసం మేం కూడా పరుస్తాం, కానీ మేం పరిచేది నీళ్లు దిగే నేత బట్ట. ఇది వానకు లారీల మీద కప్పే పట్టా. వాకిలి మొత్తం కింద ఒక పెద్ద పళ్లెం పెట్టినట్టయింది. పైన రాళ్లు కప్పి ఉన్నాయి కాబట్టి ఎవరికీ కనిపించదు.

నేను నిన్న ఇక్కడ ఉంటే చూసేదాన్ని. అతను పట్టా పరిచే వేళకి నేను దిల్‌సుఖ్‌నగర్‌లో బజ్జీలు తింటున్నాను.

ఇప్పుడు చెబితే టన్ను రాయి ఎత్తాలి. నిన్న సాయంత్రం వచ్చిన ఆ కాస్త వెలుగూ పోతుంది. చెప్పకపోతే? లోపల దోమతెర వెనక మౌనిక పుస్తకం తిరగేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. లేచాను.

"అండాలూ, ఒకసారి ఇలా రా."

వచ్చింది. చూపించాను. ఆమె వంగి, ఆ నీళ్లలో వేలు ముంచింది.

"ఇంకో మాట కూడా చెప్పాలి" అన్నాను. "కుండీల కింద ప్లేట్లు పెట్టమన్నది నేనే. పంపింది కూడా నేనే. నీళ్లు పారబోయాలని నీకు చెప్పలేదు."

అండాలు వేలు కొంగుకు తుడుచుకుంది.

"ఎర్కే అక్కా."

"తెలుసా?"

"ప్లేట్లు ఎత్తి చూపిచ్చిన దినమే యాదికొచ్చింది. నెల దినాలు నీ మీద పండ్లు కొరికిన. ఫోన్ల నీ పేరొస్తే బోర్లా ఏసిన." గొంతు పెరిగింది. "రాళ్లు ఎంచాలె అని ఉత్తగనే అన్న. తిట్టాలనే పిలిచిన నిన్ను. నా బిడ్డ ఎట్లైందో కండ్లార చూడాలె, నా ముంగట నిలవడాలె అని. బస్సు దిగి గా మెట్ల కాడ దారి తప్పి నిలవడ్డవు చూడు, పరేషాన్ మొకమేసుకొని... నోరు రాలె నాకు."

నేనేమన్నానో గుర్తు లేదు. తప్పయిందనే అని ఉంటాను. ఆమె ఏడవలేదు. నా భుజం మీద ఒకటి గట్టిగా కొట్టింది, చిన్న పిల్లని కొట్టినట్టు. తర్వాత చీర బొడ్లో దోపుకుని లోపలికి పోయి రెండు తట్టలు తెచ్చి, ఒకటి నా ముందు పడేసింది.

"పట్టు."

నర్సింహ సైదులుకు ఫోన్ చేశాడు. "అందరికీ గట్లనే ఏస్తమన్నా, ఎవ్వలేమనలె" అన్నాడట సైదులు. ఆ మాట నిజమే అయి ఉంటుంది. ఎంతమంది వాకిళ్ల కింద ఇలా ఉందో అనుకుంటే ఇప్పటికీ నాకు గుబులుగా ఉంటుంది.

రాళ్లు ఎత్తిన రోజు

పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాం. రాళ్లన్నీ తట్టల్లో ఎత్తి ఒక పక్కకు పోశాం. పట్టా లాగేస్తుంటే బకెట్ల కొద్దీ నీళ్లు వచ్చాయి. ఇక్కడి నుంచి నాకు తెలిసిన పనే: నేల గేటు వైపు వాలుగా ఉండాలి, వాలు చివర సన్నటి కాలువ తీసి ఇటుక ముక్కలు నింపాలి. నర్సింహ వెళ్లి, నీళ్లు దిగే ఆ నేత బట్ట తెచ్చాడు. పరిచే ముందు నేను దాని మీద చెంబుడు నీళ్లు పోసి, కింద అండాలును చెయ్యి పట్టమన్నాను. చెయ్యి తడిసింది. ఆమె మళ్లీ పొయ్యమంది. మళ్లీ తడిసింది. మూడోసారి కూడా పోయించుకుని అప్పుడు తల ఊపింది.

మధ్యాహ్నం మొక్కజొన్నలతో మక్క గారెలు చేసి పెట్టింది పక్కింటావిడ. గోడ మీదుగా చూసి అడిగిన ఆవిడే ఈవిడ. "మా కుండీల కింద కూడ ఉన్నయ్ ప్లేట్లు, ఏం చెయ్యాలె?" అని అడిగింది నన్ను. తీసేయండి అన్నాను. తీయలేకపోతే వారానికి రెండుసార్లు పారబోసి, గుడ్డతో రుద్ది తుడవమన్నాను. ఈసారి రెండుసార్లు చెప్పాను. గారె చేతిలో పట్టుకుని అలా చెబుతుంటే నా బస్సు టైము దాటిపోయింది.

నాలుగింటికి మళ్లీ తెల్లటి వాకిలి తయారైంది. అండాలు మూడు మూలలా బకెట్లతో నీళ్లు కుమ్మరించింది. గేటు కింద నుంచి మట్టినీళ్లు వీధిలోకి పారాయి. పది నిమిషాలాగి రాళ్లు తీసి చూస్తే కింద తడి ఉంది గానీ నీళ్లు లేవు. అండాలు నడుం పట్టుకుని మెట్టు మీద కూలబడింది. తర్వాత దోమతెర తలుపు వైపు తిరిగి, "మౌనికా, రా బిడ్డా" అంది. ఆ పిల్ల బయటికి రావడం రెండు నెలల్లో అదే మొదలట.

మౌనిక వచ్చి వట్టి కాళ్లతో రాళ్ల మీద అడుగు పెట్టి, "అమ్మో" అని వెనక్కి గెంతింది. చెప్పులేసుకుని నడిస్తే పాదం పక్కకు జారింది. కుర్చీ తెచ్చి వేస్తే నాలుగు కాళ్లు నాలుగు వైపులా దిగబడ్డాయి.

"గిదేం తోట అమ్మా? నడవరాదు, కూసోరాదు!"

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నీళ్లు ఎటు పోవాలో ఆలోచించాం గానీ మనిషి ఎటు నడవాలో ఒక్కరికీ తట్టలేదు. ముందు నర్సింహ నవ్వాడు, తర్వాత అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, రెండూ అనుకుంటాను.

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన షాబాద్ బండలు మిద్దె మెట్ల కింద ఉన్నాయి. అవి తెచ్చి గేటు నుంచి మెట్ల దాకా ఒక దారి వేశాం. గోడ పక్కన కుర్చీ పట్టేంత చోటు బండలతో చదును చేశాం. తీసిన రాళ్లు రెండు బస్తాలు మిగిలాయి. నర్సింహ వాటిని తిరిగి ఇవ్వడానికి తీసుకెళ్లి, దుకాణాయన పుచ్చుకోకపోతే మళ్లీ మోసుకొచ్చాడు.

నాలుగో రోజు

మర్నాడు ఉదయం సంచి సర్దుకుని బయటికి వచ్చేసరికి మౌనిక ఆ కుర్చీలో కూర్చుని చదువుకుంటోంది. మోచేతుల దాకా దోమల క్రీము తెల్లగా పూసి ఉంది. కాళ్లు బండ మీద ఆనించి, పక్కన ఉన్న రాళ్లను బొటనవేలితో కదుపుతోంది. అండాలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. లోపలికి రమ్మని పిలుస్తుందేమో అనుకున్నాను. నోటి దాకా వచ్చినట్టే ఉంది.

పిలవలేదు. చెప్పులేసుకుంది.

"నడువక్కా, బస్సెక్కించొస్త. లేకపోతే మళ్ల గా మెట్ల కాడ్నే తిరుగుతవు."

బిడ్డను వాకిట్లోనే వదిలి, గేటు దగ్గరగా వేసి నాతో బయలుదేరింది. వీధి మలుపు తిరిగేలోగా రెండుసార్లు వెనక్కి చూసింది. మూడోసారి నేను ఆగాను, వెళ్లాలనుకుంటే వెళ్లనీ అని. "ఏందక్కా, నడువు" అని నా చేతిలో సంచి లాక్కుని ముందు నడిచింది.